తమామ్ అన్న మాట

మా ఊళ్ళో నా నోటికి జడిసి చేపలమ్మే ఆవిడ కూడా తూకం సరిగ్గా వేసేది. అలాంటిదాన్ని, హుఫూఫ్ అనే అరబ్బుల ఊళ్ళో ఒకరింట్లో పనికి చేరాక ఒక్క మాటతో ఆరేళ్ళు నెట్టుకొచ్చాను. తమామ్. అంటే అంతా బాగుందని. అన్నం ఉడికిందా? తమామ్. నీ జ్వరం తగ్గిందా? తమామ్. అడిగేవాళ్ళకీ అదే కావాలి. ఆఖరికి ఫోన్లో మా అక్క "ఎలా ఉన్నావే" అన్నా అదే అనేసి నాలిక్కరుచుకునేదాన్ని.

ఆ ఇంటి పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు. తిన్నదంతా బాత్రూమ్‌కెళ్ళి గొంతులో వేలు పెట్టుకుని కక్కేసేది. కడిగేదాన్ని నేనే కాబట్టి నాకొక్కదానికే తెలుసు. బడిలో కళ్ళు తిరిగి పడిపోయిందని వాళ్ళమ్మ, అంటే మా మేడమ్, మా ఇద్దర్నీ డ్రైవర్‌నిచ్చి పేటలో ఆసుపత్రికి పంపింది. కార్లో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "డాక్టరుకి నువ్వే చెప్పు, నావల్ల కాదు" అంది. సరేనన్నాను.

డాక్టరమ్మ మంచిదే. నన్నే అడిగింది, తిండి ఎలా తింటోందని.

"తమామ్" అన్నాను.

భయపడ్డానా అంటే, ఏమో, అదీ లేదు. అలవాటు. పిల్ల నా వంక చూసింది. నేను మళ్ళీ నోరు తెరిచేలోపు డాక్టరమ్మ బలానికి మాత్రలు రాసిచ్చేసింది.

బయట ఇంకో ఆవిడ ట్యాబ్ పట్టుకుని కూర్చుంది. ఈ వయసు పిల్లల్ని ఇక్కడ ఎలా చూస్తున్నారో కనుక్కుంటోందట. డాక్టరు నీతో విడిగా మాట్లాడిందా, చెప్పుకోవాల్సింది చెప్పుకున్నావా అని పిల్లనే అడిగింది. పిల్ల ఈసారి నావైపు చూడలేదు.

"తమామ్" అంది. అచ్చం నాలాగే, చివర కాస్త సాగదీసి.

ఆవిడ నవ్వి ఏదో నొక్కింది. నా నోరు పడిపోను, అప్పుడైనా చెప్పొచ్చుగా! చెప్పలేదు. ఏడుపు కూడా రాలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఏసీ చల్లగా ఉందనుకున్నాను, అంతే.

ఆ వారం నుంచీ ఆ పిల్ల తన బాత్రూమ్ తనే కడుక్కుంటోంది. నేను వెళ్ళేసరికి బ్లీచింగు వాసన తప్ప ఏమీ ఉండదు. మేడమ్ మురిసిపోయింది.

"చూశావా, నా కూతురు పని నేర్చుకుంటోంది!"

వెనక గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది, నేనేమంటానా అని.

"తమామ్, మేడమ్" అన్నాను.