లిఫ్టు మెకానిక్కు మెట్లెక్కాడు

ఊళ్లో సగం మందికి మెట్ల బాధ తప్పించింది తానేనని, లిఫ్టు మెకానిక్కుగా రిటైరైన ఆ పెద్దాయన గొప్పగా చెప్పుకునేవాడు. అది అబద్ధమూ కాదు.

మంచుకొండల్లోని అభయారణ్యంలో గుడారం మోసుకుంటూ తిరగాలని ఆయన కొడుకూ కోడలూ ఏళ్లుగా ఆశపడుతున్నారు. అక్కడికి పర్మిట్లు లాటరీ తీసి ఇస్తారు. అవకాశం పెరుగుతుందని ఈసారి ఆయన పేరున కూడా ఒక దరఖాస్తు పడేశారు. తగిలింది ఆయనకే.

"పర్మిట్ ఎవరి పేరున ఉంటే వాళ్లు నడవాల్సిందేనట, మామయ్యా. మీరు రాకపోతే మమ్మల్నీ గేటు దాటనివ్వరు," అంది కోడలు.

"నేను లేకుండా ఈ ఇంట్లో ఏ పని జరిగింది గనక!" అన్నాడాయన మీసం దువ్వుకుంటూ.

"రెండో అంతస్తుకే ఆయాసపడే మనిషి," అని గొణిగింది భార్య.

మర్నాడే ఆయన కొండ నడక అలవాటు చేసుకోవడానికి పాత పనిముట్లన్నీ సంచిలో నింపి వీపున తగిలించుకుని, తమ అపార్టుమెంటులో తాను బిగించిన లిఫ్టు పక్కనుంచే మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మూడో అంతస్తులో గోడ పట్టుకుని రొప్పుతుంటే అక్కడుండే ఆవిడ తలుపు తీసింది.

"అయ్యో బాబాయిగారూ, మీ లిఫ్టు పాడైందా?"

ముప్పై ఏళ్ల పరువు మూడో అంతస్తులో పోయేలా ఉంది. ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"నా లిఫ్టు పాడవడమేమిటమ్మా! నాలాంటివాడు దొరక్క మేం ఎక్కబోయే కొండకే ఇంకా పెట్టలేదు," అంటూ నాలుగో అంతస్తు వైపు కాలెత్తాడు.