గుమ్మంలోకి వచ్చిన నీళ్ల రుచి

ఈ ఉదయం ఏలూరులో కురిసిన వానకు మా గుమ్మంలోకి నీళ్లు వచ్చాయి. నేను వంగి, వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

"అవేం నీళ్లండీ మామ్మగారూ, నోట్లో పెట్టుకుంటున్నారు?" అంది మనవడి భార్య.

చిన్నప్పుడు మా పేటలో నాతో ఆడుకున్న నా ఈడువాళ్లు ఎవరైనా ఉంటే, మా మామ్మ మీకు గుర్తుందా? అది పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. తమ్మిలేరు పొంగితే నీళ్లు మన అరుగుల దాకా వచ్చేవి. నాన్న తివాచీల ఉన్ని కట్టలను అటక ఎక్కిస్తుంటే ఇల్లంతా తడి ఉన్ని వాసన. మామ్మ మాత్రం అరుగు మీద నుంచి చెయ్యి చాపి నీళ్లు రుచి చూసేది. "చప్పగానే ఉన్నాయి, పొయ్యి వెలిగించండి" అనేది. ఆ మాట వింటే గాని అమ్మ పొయ్యి ముట్టించేది కాదు.

మామ్మ బందరు కోటలో పుట్టింది. వాళ్ల నాన్న అక్కడ సిపాయి.

"ఒలందావాళ్లు కట్టారు, పరాసువాళ్లు తీసుకున్నారు, ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. చివరికి సముద్రం వచ్చింది" అని పక్కింటి సంగతిలా చెప్పేది. ఒలందావాళ్లంటే డచ్చివాళ్లు, పరాసువాళ్లంటే ఫ్రెంచివాళ్లు. ఉప్పెన నీళ్లు గదిలోకి వస్తే, వాననీళ్లే అనుకుని వాళ్లమ్మ పిల్లలతో లోపలే ఉండిపోయిందట. ఇంటిల్లిపాదిలో మామ్మ ఒక్కతే మిగిలింది. తర్వాత దొరలు కూడా పటాలాన్ని తీసుకుని కోట వదిలేశారు.

"ఏడుపు రాలేదా మామ్మా?" అని ఒకసారి అడిగాను.

"నోరంతా ఉప్పే. ఇంకేం తెలుస్తుంది?" అంది.

నేను చెబుతుంటే మనవడు ఫోనులో రాస్తున్నాడు. ఆ పేటలో నాతో ఆడుకున్నవాళ్లెవరూ ఇది చదవరని తెలుసు.

పొద్దున మనవడి భార్య జవాబు కోసం నిలబడే ఉంది.

"చప్పగానే ఉన్నాయమ్మా," అన్నాను. "స్టవ్ వెలిగించుకో."