ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా

పద్మిని మా అపార్ట్‌మెంట్లలో నాకు రెండు గుమ్మాల అవతల ఉండేది. అమెరికాలో, మా పిస్కాటవే ఊళ్ళో తెలుగువాళ్ళంటే అందరూ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళేనని అనుకునేవాళ్ళకి ఆ పిల్లని చూపించాలనిపించేది. మందుల ఫ్యాక్టరీలో సీసాలకి మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసే పని ఆమెది. ఏడింటికి షిఫ్టు, ఆరున్నరకి బయల్దేరాలి. భర్త లక్ష్మీపతి హోటల్లో రాత్రి డ్యూటీ చేసి ఏడుంబావుకి ఇల్లు చేరేవాడు. ఆ ముప్పావుగంట నాలుగేళ్ళ అనుష్క ఎవరి దగ్గర ఉంటోందో నేను ఏనాడూ అడగలేదు.

అడగాల్సినదాన్ని నేనే. రిటైరయ్యాక నేను పెట్టుకున్న పని అదే మరి! ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకి పిల్లల్ని డేకేర్‌లో ఉంచడానికి ప్రభుత్వమిచ్చే సాయం పెంచమని సంతకాలు పోగుచేయడం, ఉత్తరాలు రాయడం. పద్మిని చేత అప్లికేషన్ పెట్టించిందీ నేనే. వెయిటింగ్ లిస్టులో వేశారు. పది నెలలైనా అది కదల్లేదు. కౌంటీవాళ్ళు జనం మాట వినడానికి పెట్టిన హియరింగ్‌లో మాట్లాడమని పోరింది కూడా నేనే. ఊళ్ళో పిల్లలందరి గురించీ ఉపన్యాసాలిచ్చాను గానీ పక్కింటి పిల్ల సంగతి తెలుసుకోలేదు. సిగ్గుచేటు.

2012 అక్టోబర్లో, హియరింగ్ ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున్న ఆరు యాభైకి ఫోన్ మోగింది.

"ఆంటీ, మా ఇంటికి పరిగెత్తరా, ప్లీజ్! పాప ఒక్కతే ఉంది. స్కైప్ కట్ అయింది."

పద్మిని ముక్కలు ముక్కలుగా చెప్పింది. రోజూ పాప మంచం ముందు లాప్‌టాప్ తెరిచి, ఏలూరులో ఉన్న చెల్లెలు స్పందనకి వీడియో కలిపి, బయట తాళం వేసుకుని వెళ్ళేదట. పాప లేస్తే పిన్ని కబుర్లు చెప్పేది, ఏదైనా తేడా వస్తే పద్మినికి ఫోన్ చేసేది. ఆ వేళ ఏలూరులో కరెంటు తీసేశారు. చివరిసారి స్పందనకి కనబడింది పాప మంచం దిగడమేనట.

చెప్పులు కూడా లేకుండా వెళ్ళి తలుపు బాదాను. లోపల ఏదో ధడేల్మని పడింది. తర్వాత చప్పుడు లేదు. స్టవ్వు, కిటికీ, బాత్‌టబ్బు అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. 911 నొక్కబోయి ఆగాను. పోలీసులొస్తే, ఒంటరిగా వదిలి వెళ్ళిన తల్లికి మళ్ళీ పిల్లనిస్తారా? ఆగినందుకు ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను.

"అనుష్కా! నేనమ్మా, ఆంటీని!"

ఎంతసేపటికో తలుపు కిందనుంచి సన్నగా వినిపించింది. "స్టూల్ పడింది ఆంటీ. బ్లడ్ వచ్చింది."

లక్ష్మీపతి వచ్చేదాకా నేలమీద బోర్లా పడుకుని, ఆ సందులోంచే దానితో మాట్లాడుతూ ఉన్నాను. పెదవి చిట్లింది, అంతే. అంతేనని అనడానికి కూడా భయమేసింది.

ఆ సాయంత్రం పద్మిని వచ్చి కూర్చుంది. "నేను హియరింగ్‌కి రాను ఆంటీ. ఇది తెలిస్తే పాపని తీసుకుపోతారు."

"నన్నెందుకు అడగలేదే?" కోపం ఆపుకోలేకపోయాను.

"పెద్దవారు, పొద్దున్నే మిమ్మల్ని లేపడం ఏం బాగుంటుందని..."

ఏడు సముద్రాల అవతలున్న చెల్లెల్ని అడగ్గలిగింది గానీ, రెండు గుమ్మాలు దాటి నన్ను అడగలేకపోయింది. మన మొహమాటం తగలెయ్య!

అయినా హియరింగ్‌కి వచ్చింది. రాసుకొచ్చిన కాగితంలో ఇద్దరి డ్యూటీ వేళలూ, కింద 'ఎలాగో సర్దుకుంటున్నాం' అనీ ఉన్నాయి. అది చదివి కూర్చోబోతుంటే కమిటీలో ఒకావిడ, "ఆ ముప్పావుగంట పాపని ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది. పద్మిని చేతిలో కాగితం మడిచింది. నేనే చూస్తానని చెబుదామని చేయెత్తబోయాను. ఆమె నావైపు చూడనేలేదు.

"ఎవరూ లేరు మేడమ్. కంప్యూటర్ పెట్టి వెళ్ళేదాన్ని," అంది.

ఆవిడ తలొంచుకుని ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో మాకు ఇప్పటికీ తెలీదు. నెల రోజులపాటు బెల్లు మోగితే చాలు, పద్మిని పాపని వెనక్కి లాక్కుని గానీ తలుపు తీసేది కాదు. ఎవరూ రాలేదు. లిస్టూ కదల్లేదు.

అప్పట్నుంచీ ఆరున్నరకి నేనే వెళ్ళి కూర్చునేదాన్ని. నాకప్పటికి డెబ్బై రెండేళ్ళు, పైగా బీపీ మాత్రల మత్తు. ఒకరోజు కుర్చీలోనే కళ్ళు మూతపడ్డాయి. ఎవరో చెంపలు పట్టుకుని కుదుపుతుంటే మెలకువొచ్చింది. అనుష్క నా మొహంలో మొహం పెట్టి ఏడుస్తోంది.

"ఆంటీ, నువ్వు కూడా కట్ అయిపోయావా?"