చేతికి మసి ఉంటే చాలదు

మీ పిల్లాడు మెడలో పతకంతో ఇంటికొస్తే, "ఎలా గెలిచావురా?" అని ఒక్కసారైనా అడిగారా? ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టి ఊరుకున్నారా?

మా చిన్నప్పుడు... బొగ్గుబాయి, అంటే బొగ్గు గని, కాలనీ నుంచి దమ్మపేట వైపు అడవి దారిలో మా బడివాళ్లు పరుగుపందెం పెట్టేవాళ్లు. మలుపు దగ్గర నిలబడ్డ పెద్ద తరగతి కుర్రాడు, వచ్చినవాళ్ల మణికట్టు మీద బొగ్గు మసి పూసేవాడు. అంతదాకా వెళ్లామనడానికి అదే గుర్తు. మొదట తిరిగొచ్చినవాడికి జిల్లా జట్టులో చోటు.

ఆ చోటు కోసం వేకువనే లేచి, ప్రార్థన చేసుకుని, బాయిలో తవ్విన మట్టి పోసిన గుట్ట ఎక్కి దిగేవాణ్ని... శరీరాన్ని అదుపులో పెట్టుకొమ్మన్న బైబిలు వాక్యం ఉట్టి మాట కాదు, పిక్కలు మండితే తెలుస్తుంది! క్రిస్మస్ నాడు కూడా మానలేదు.

ఆ ఏడు గెలిచాను. అందరికంటే చాలా ముందు... అదే అనుమానానికి దారి తీసింది.

వ్యాయామం సారు నా చెయ్యి తిప్పి తిప్పి చూశారు. "గీ మసి మీ ఇంట్ల పొయ్యి కాడ దొరకదారా? ఏ పొదల కూసొని పూసుకున్నవ్?"

పిల్లలంతా పక్కున నవ్వారు. నిజమే మరి... బొగ్గుబాయి పిల్లాడి చేతికి మసి ఏం సాక్ష్యం!

మలుపు దగ్గరి కుర్రాణ్ని అడిగితే, "అందరికీ పూసిన సార్... మొఖాలు ఎవడు చూసిండు?" అన్నాడు.

బాయిలో డ్యూటీ దిగి అటే వచ్చాడు నాన్న. నా తరఫున మాట్లాడతాడనుకున్నాను... అనుమానంగా నా కళ్లలోకి చూశాడు.

"అడ్డదారిల వచ్చినవా?"

"లే నాయినా, ఒట్టు!"

"ఒట్లు పెట్టొద్దని వాక్యం లేదారా? మళ్ల ఉరుకు. నేను ఎంబడొస్త. సార్, గప్పటిదాక వీని పేరు రాయకుండ్రి."

సైకిలెక్కాడు. ఏడుస్తూనే పరుగెత్తాను. ఎగుడు దారిలో ఆయాసపడి, సైకిల్ దిగి తోస్తూ వచ్చాడు. నేను ఆగబోతే, "నా కోసం ఆగుతవేందిరా! ఉరుకు బిడ్డా!" అని అరిచాడు. ఆ గొంతులో అనుమానం లేదు...

తిరిగొచ్చి, "వీన్ని అందుకోవుడు నాతోని కాలే సార్" అన్నాడు. సారు జిల్లా జట్టులో నా పేరు రాశారు.

ఇప్పుడు... నిలదీసేవాళ్లూ లేరు, వెంట వచ్చేవాళ్లూ లేరు. కోచింగ్ ఫీజు కట్టేసి వీడియోలు చూసి మురిసిపోతున్నాం. అక్కడివాళ్లు పిల్లల వయసు తగ్గించి రాసి ఆడిస్తున్నారా? బలం కోసమని ఏ పొడి తాగిస్తున్నారు? అడిగామా? దేవుడు మనల్ని అడగడా!

చిన్నప్పుడు మీ వెంట అలా వచ్చినవాళ్లెవరో కింద రాయండి... రాసి, లేవండి! మీ బిడ్డతో గ్రౌండుకు పోండి. వచ్చే ఆదివారం కాదు... ఇవాళే, పొద్దు గుంకకముందే!