వద్దన్న మాట

రాజమండ్రిలో స్పీచ్ థెరపిస్టుగా పని మొదలుపెట్టిన నాలుగో ఏడాది నేనొక పరిశోధన ప్రాజెక్టులో చేరాను. తలకు దెబ్బ తగిలి మాట పోయినవాళ్లకు మూడు నెలలు సాధన చేయించాలి. సాధనకు ముందొకసారి, తర్వాతొకసారి ఎమ్మారై తీయాలి. మనిషి లోపల పడుకుని బొమ్మలు చూస్తూ పేర్లు చెబుతుంటే, అప్పుడు మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువగా వెళ్తోందో ఆ మిషన్ పట్టుకుంటుంది. కంప్యూటర్ ఆ చోట రంగు వేసి చూపిస్తుంది. పోయిన మాట తిరిగొచ్చేటప్పుడు మెదడులో ఏ భాగం ఆ పనిని అందుకుంటుందో తెలుసుకోవాలని డాక్టర్ల ఉద్దేశం. వాళ్లు పెద్ద ఊళ్లో ఉంటారు. మనుషుల్ని వెతకడం, ఇళ్లకు వెళ్లి సాధన చేయించడం, వాళ్లను స్కానింగ్‌కి తీసుకురావడం నా వంతు.

అలా దొరికిన ఐదో మనిషి, కడియంలో ఒక నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే ఆయన. నలభై ఎనిమిదేళ్లు. లోడు ఎత్తిన లారీ మీద నిలబడి తాడు బిగిస్తుంటే అది తెగింది. వెనక్కి రోడ్డు మీద పడ్డారు. తలకు ఎడమ పక్క దెబ్బ. ఆపరేషన్ చేసి గడ్డకట్టిన రక్తం తీశారు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎనిమిది నెలల తర్వాత నేను వెళ్లేసరికి ఆయన దగ్గర మిగిలింది ఒక్క మాట.

"అదే," అన్నారు నన్ను చూసి. రమ్మని చెప్పడం అది.

"ఆకలేసినా అదేనండి, కోపమొచ్చినా అదేనండి," అంది ఆయన భార్య. ఆవిడ అదే నర్సరీలో మొక్కలకు నీళ్లు పెట్టే పని చేసేది. "మూడొందల రకాల మొక్కల పేర్లు తెలుసండి ఈయనకి. ఆకు చూపిస్తే చాలు, చెప్పేసేవారు. ఇప్పుడు నా పేరు కూడా రాదండి."

నేను ఒప్పుకోలు కాగితాలు తీసి చదివి వినిపించాను. ఇందులో పాల్గొనడం వైద్యం కాదని మూడో పేరాలో ఉంది. అది కూడా చదివాను, మిగతావాటికంటే కొంచెం తొందరగా.

"ఈ స్కానింగ్ తీస్తే మాటొస్తుందాండి?" అని అడిగింది ఆవిడ.

"లోపల ఏం జరుగుతోందో డాక్టర్లకి తెలుస్తుంది పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ అడిగిన దానికి అది జవాబు కాదని నాకు తెలుసు. అప్పటికి ఇద్దరు మధ్యలో మానేశారు. ఇంకొకరు కూడా వద్దంటే పై వాళ్లకు ఏం చెప్పాలా అన్న భయం నాది. ఆయన ఎడమ చేతి వేలిముద్ర వేశారు.

మొదటి స్కానింగ్‌కి వచ్చినప్పుడు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. ఆయన మొలతాడుకి తాయెత్తు ఉంది, దెబ్బ తగిలాక కట్టింది. తియ్యనివ్వలేదు. భార్య చాలాసేపు బతిమాలి, విప్పి తన చెంగున ముడేసుకుంది. లోపల ఇరవై నిమిషాలకు పైగా ఉన్నారు. ప్రతి బొమ్మకూ "అదే" అన్నారు. బయటికొచ్చేసరికి చొక్కా చెమటకు తడిసిపోయింది. ఆ గదిలో ఏసీకి నాకే వణుకొస్తోంది.

తర్వాత మూడు నెలలు, వారానికి మూడు రోజులు బస్సెక్కి వెళ్లేదాన్ని. రేకుల ఇంటి వసారాలో ఇద్దరం చాప మీద కూర్చునేవాళ్లం. సాధనకిచ్చిన బొమ్మలు ఎక్కడివాళ్లో తయారుచేసినవి. మంచు మీద నడిచే బండి, వీణలాంటిదేదో వాయిద్యం, ఎలుగుబంటి. వాటిని ఆయన బాగున్న రోజుల్లో కూడా చూసి ఉండరు. మొక్కల బొమ్మలు కలుపుతానని ప్రాజెక్టు డాక్టరుగారికి ఫోన్ చేశాను. అందరికీ ఒకే బొమ్మలు ఉండాలి, లేకపోతే పోల్చడం కుదరదు అన్నారాయన. నిజమే. అయినా సాధన అయ్యాక దారిలో తుంచుకొచ్చిన రెమ్మలు ఆయన ముందు పెట్టేదాన్ని. నందివర్ధనం, గన్నేరు, సపోటా. ఆయన ఒక్కొక్కటీ తీసుకుని, ఆకు వెనక్కి తిప్పి చూసి, పెదవులు కదిపేవారు. పేరు రాదు. రెమ్మను చాప మీద గట్టిగా కొట్టి మొహం తిప్పుకునేవారు. ఒకరోజు భార్య పనిలోంచి వచ్చి ఇది చూసి, "పేర్లు అడక్కండమ్మా, ఏడుస్తున్నారు రాత్రుళ్లు," అంది. మానేశాను.

మూడు నెలలయ్యాయి. "అదే" అనడంలో రకాలు పెరిగాయి తప్ప ఇంకో మాట రాలేదు.

రెండో స్కానింగ్ రోజు ఆయన కారు దిగనన్నారు. చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాం. మిషన్ గది తలుపు దాకా వచ్చి, గోడ పట్టుకుని ఆగిపోయారు. నా వైపు తిరిగారు.

"వద్దు," అన్నారు.

స్పష్టంగా అన్నారు. నేను ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాను. "బాబాయ్‌గారూ, మళ్లీ అనండి," అన్నాను.

"వద్దు. వద్దు."

దెబ్బ తగిలాక వచ్చిన మొదటి కొత్త మాట. నాకు కళ్లనీళ్లొచ్చాయి. పక్కనున్న టెక్నీషియన్‌కి చెప్పాను, ఫోన్ తీసి టైముతో సహా రాసుకున్నాను. ఎంత బాగా అన్నారండీ అని ఆయన్ని మెచ్చుకున్నాను. మెచ్చుకుంటూనే, భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టాను. నేను చేస్తున్నదేం పనో ఆ క్షణాన నాకు తట్టలేదు. భార్య తలుపు దగ్గర నిలబడి చూసింది.

సగంలో ఆయన చేతిలోని రబ్బరు బంతి నొక్కారు. ఆపమని చెప్పడానికి ఇస్తారది. టెక్నీషియన్ మైకులో, "ఇంకో ఆరు నిమిషాలేనండి, ఓర్చుకోండి," అని నా వైపు చూశాడు. ఆపెయ్యమని నేను అనలేదు. మళ్లీ నొక్కలేదాయన. బయటికి తీసినప్పుడు కళ్లు మూసుకునే ఉన్నారు. నీళ్లు కణతల మీదుగా చెవుల్లోకి కారి ఉన్నాయి.

స్కానింగ్ బాగా వచ్చింది. వారం తర్వాత డాక్టరుగారు వీడియో కాల్‌లో చూపించారు. దెబ్బ తగిలిన నల్లటి చోటు చుట్టూ, మొదటిసారి లేని రంగు పరుచుకుని ఉంది. "మంచి మార్పు," అన్నారు.

"కానీ మనిషి మాట్లాడట్లేదు కదా సార్?"

"రంగొస్తే మాటొచ్చినట్టు కాదమ్మా. అక్కడ మెదడు కష్టపడుతోందని మాత్రమే చెప్పగలం. ఆ కష్టం మాట కోసమో, భయానికో విడదీయడం తేలిక కాదు."

నేను తలుపు దగ్గర జరిగింది చెప్పాను. "అలాంటప్పుడు ఆపెయ్యాలమ్మా. కాగితంలో రాసుందిగా," అన్నారు. ఆ మనిషి వివరాలు లెక్కలోంచి తీసేస్తామన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కడియం వెళ్లాను. నన్ను చూసి ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. "అదే" కూడా అనలేదు. భార్య మంచినీళ్లిచ్చింది.

"ఆయన వద్దన్నారు కదండి. మీకు వినబడింది," అంది.

"వినబడింది పిన్నిగారూ. తప్పు చేశాను."

"మాటొచ్చిందని సంబరపడ్డారు. మాట వినలేదు." గ్లాసు తీసుకుని లేచింది. "ఇంక రాకండి అమ్మా. మిమ్మల్ని చూస్తే ఆ రోజంతా అన్నం తినరు."

ప్రాజెక్టు ఆ వేసవితో అయిపోయింది. నేను మళ్లీ ఆసుపత్రి పనిలోకి వెళ్లాను.

రెండేళ్ల తర్వాత రాజమండ్రి కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆవిడ కనిపించింది. మెడలో సూత్రాలు లేవు. నేను అడగకముందే చెప్పింది.

"వానాకాలంలో ఫిట్సొచ్చాయండి. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయారు. అంతకు ముందు కొన్నాళ్లు బాగానే ఉన్నారు. ఒక్క చేత్తో కవర్లలో మట్టి పోసేవారు."

"మాటలేమైనా వచ్చాయాండి?"

"లేదండి."

మూడో పేరా గురించి అప్పుడు చెప్పాను. ఆ స్కానింగులు ఆయన బాగుపడడానికి తీసినవి కావని, మొదటి రోజు సరిగ్గా చెప్పలేదని, చెబితే ఒప్పుకోరేమోనని భయపడ్డానని అన్నాను. బస్సుల రొదలో కొంచెం గట్టిగానే చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాకు తెలుసండి. కాగితం చదివినప్పుడే తెలిసింది," అంది. "అప్పటికి మా ఇంటికి ఎవరూ రావడం మానేశారు. ఏం మాట్లాడినా అదే అంటాడని చుట్టాలు కూడా. మీరు వారానికి మూడు రోజులొచ్చి, ఎదురుగా కూర్చుని మాట్లాడేవారు కదాని ఊరుకున్నాను."

కడియం బస్సు వచ్చింది. వెళ్లొస్తానండి అని ఎక్కి, కిటికీ పక్కన సీటు దొరక్క, కడ్డీ పట్టుకుని నిలబడింది.