మీటరుకి అందని ఉప్పు

మా కెమిస్టుగారు పోయేరు. కబురు నాకు ఆఫీసులో తెలియలేదు. అమలాపురం బస్టాండులో మా పాత ప్యూను చెప్పేడు: "ఈ పొద్దున్నేనటండీ. ఆఫీసు వాళ్ళకి చెప్పొద్దని ముందే అనేరట." ఎందుకలా అన్నారో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మట్టి పరీక్షల లాబులో ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరేను. రైతులు గుడ్డసంచుల్లో తెచ్చిన మట్టిని నీళ్ళలో కలిపి వడగట్టి, అందులో ఉప్పెంతుందో ఆయన చేత్తోనే తేల్చేవారు. గాజు గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదుల్తూ, ఫ్లాస్కులో పసుపు నీళ్ళు ఇటికరంగుకి తిరిగే చోట ఠక్కున ఆపేవారు. నేను ఒక చుక్క ఎక్కువ వదిలితే పారబోయించి మళ్ళీ చేయించేవారు. "మనకది చుక్కేనమ్మా. చేలో అది బస్తా వడ్లు" అనేవారు, కోప్పడకుండా. క్యారేజీ విప్పే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవారు, నాచేతా కడిగించేవారు.

ఎనభైల్లో ఉప్పు కొలిచే మీటరు వచ్చింది. దాని ఎలక్ట్రోడు కడ్డీని వడగట్టిన నీళ్ళలో ముంచితే చాలు, అంకె కనబడేది. రోజంతా చేసే పని పూటలో అయిపోయేది. ఆయనకి దానిమీద కంటగింపని తరవాత చాలామంది అన్నారు. అబద్ధం. దాన్ని ముందు నేర్చుకున్నదీ, నాకు నేర్పిందీ ఆయనే. రోజూ పొద్దున్న, ఎంత ఉప్పు వేసేమో తెలిసిన నీళ్ళలో ముంచి, అంకె సరిగా వస్తేనే పని మొదలెట్టేవారు. "ఇదీ మనలాగే ఉద్యోగస్తురాలు. అజమాయిషీ ఉండాలమ్మా." కొత్తగా వచ్చిన ఆఫీసరుకి అది కాలయాపనగా తోచింది. మానిపించేరు.

ఆ ఏడు గాలివానకి సముద్రం పొంగి అంతర్వేది వైపు చేలల్లోకి వచ్చింది. ఒక కౌలురైతు మట్టి తెచ్చేడు. ఉప్పు తక్కువేనంది మీటరు. కెమిస్టుగారు అదే మట్టిని చేత్తో రెండుసార్లు చూసి, ఆఫీసరు గదిలోకి వెళ్ళేరు. నేనూ వెంట ఉన్నాను.

"ఎలక్ట్రోడు పూత పోయిందండీ, తక్కువ చూపిస్తోంది. ఈ చేలో ఊడ్పులు వద్దని రాయాలి."

"మిషను తప్పూ, మీరు ఒప్పూనా?" ఆఫీసరు నవ్వి, మీటరు అంకె వేసిన రిపోర్టు కాయితం నావైపు తోసేరు. "నువ్వు పెట్టమ్మా సంతకం."

నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. పెట్టేను. కెమిస్టుగారు నా చేతికేసి చూసేరు.

కొన్నాళ్ళకి ఆ రైతు మాడిపోయిన వరి దుబ్బు పట్టుకొచ్చేడు. విచారణ జరిగింది. పొరపాటు చేతిపరీక్షల్లో జరిగిందని ఆఫీసరు రాసేరు. చేత్తో పరీక్షలు చేసేది ఆయనొక్కరే. ఆ అంకె మీటరుదా, చేతిపరీక్షదా అని నన్నడిగితే "గుర్తులేదండీ" అన్నాను. ఆయన్ని స్టోరుగదిలో వేసేరు. రిటైరయ్యేదాకా ఖాళీ సీసాలు సర్దుకుంటూ గడిపేరు. ఎలక్ట్రోడుని మాత్రం చడీచప్పుడూ లేకుండా మార్చేరు. నేను పలకరిస్తే "ఆయ్, బావున్నానమ్మా" అనేవారు. అంతే.

బస్టాండునించి తిన్నగా ఆయన ఇంటికి వెళ్ళేను. గేటు దగ్గర ఆ కౌలురైతు నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఆ కాయితం అందిన మర్నాడే రేవు దాటి మా ఇంటికొచ్చేరండీ" అన్నాడు, నేను అడక్కుండానే. "ఈ ఏడు ఊడవకు, మంచినీళ్ళు పెట్టి చేను కడుగు అన్నారు. కాయితమ్మీదేమో ముద్రుంది, సంతకవుంది. ఆయన చేతిలో ఏవీ లేదు. ముద్రనే నమ్మేనండీ."

"విచారణలో ఆ మాట చెప్పలేదా?"

"నన్నెవరు పిలిచేరండీ?" అన్నాడు. "రిటైరయ్యేక కూడా ఏటా వచ్చి మా మట్టి చూసేవారు. మీరు ఆయనకేమవుతారండీ?"

"తెలిసినదాన్ని" అన్నాను.

లోపల్నించి పిలుపొచ్చింది. అతను తలగుడ్డ నడుముకి బిగించి, పాడెకి ఒక కొమ్ము పట్టేడు. నేను తప్ప మా ఆఫీసునించి ఒక్కరూ లేరు. వానకి కాలవగట్టు బురదబురదగా ఉంది. పాడె ఒరక్కుండా, కాలివేళ్ళు నేలలోకి నొక్కి నొక్కి, అతను అడుగులేస్తూ వెళ్ళేడు.