మర మీద ఎర్రచుక్క

హోసూరు బస్టాండు వెనక సందులో మాకొక అంగడి ఉండేది. తొంభైల్లో బెంగళూరు వైపు ఫ్యాక్టరీలు కొత్త మిషన్లు తెచ్చుకుని పాతవాటిని వేలం వేసేవి. ఆ వేలాల్లో ఆసిలోస్కోపులు, సిగ్నల్ జనరేటర్లు, మీటర్లు కొని తెచ్చి లోపల నేను బాగుచేస్తే, ముందు కూర్చుని నా బామ్మర్ది అమ్మేవాడు. ఆసిలోస్కోపు అంటే కరెంటు నడకను తెర మీద పచ్చటి గీతగా చూపించే పెట్టె. నాకు వాటి మీద ప్రాణం. వాడికి అవి పాత ఇనుము. కోపంతో అంటున్న మాటే ఇది, అబద్ధం మాత్రం కాదు.

ఏ పెట్టె అయినా అంగడి దాటేముందు దాని కొలత సరిచూసేవాణ్ణి. ముందువైపు స్క్రూలాంటి చిన్న మర ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే గీత ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. సరైన చోట నిలిపి, బస్సు కుదుపులకు కదలకుండా ఆ మర మీద ఎర్రటి గోళ్ళరంగు ఒక చుక్క వేసేవాణ్ణి. సీసా నా భార్యది. ఆరిందంటే రాయిలా గట్టిపడుతుంది. రానురాను చుట్టుపక్కల వర్క్‌షాపులవాళ్ళు చుక్క ఉందా అని చూసి, మరో మాట అడక్కుండా పెట్టె ఎత్తుకుపోయేవారు.

హోసూరు దాటాక జూజువాడిలో, కర్ణాటక సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఫ్యాక్టరీల కంట్రోల్ బోర్డులు రిపేరు చేసే పెద్దాయన ఒకరుండేవారు. నాకు పని రాని రోజుల్లో తన బల్ల దగ్గర చోటిచ్చి నేర్పింది ఆయనే. అంగడి పెట్టాక నా మొదటి గిరాకీ కూడా ఆయనే. ఆయన ఒక పెట్టెను వెలిగించి చూసి తల ఊపితే చాలు, వారమంతా నాకు నేల మీద కాలు నిలిచేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక బామ్మర్ది విడిపోయాడు. పోనీలే అనుకున్నాను. ఎదురు వరసలోనే అంగడి తెరిచాడు. అదీ పోనీలే అనుకున్నాను. తర్వాత వాడి పెట్టెలన్నిటి మీదా ఎర్రచుక్కలు చూశాను. ఇన్నేళ్ళూ పక్కనే కూర్చుని ఆ చుక్కను వాడేమనుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆయుధపూజకు మిషన్లకు బొట్టు పెడతాం కదా, ఇదీ అలాంటి బొట్టే, దీని వల్లే సరుకు అమ్ముడుపోతోంది అనుకున్నాడు! వేలంలో కొన్నదాన్ని కొన్నట్టే తుడిచి, కొలత చూడకుండా, మర ఎక్కడుంటే అక్కడే బొట్టు పెట్టేశాడు. నాకంటే దిట్టంగా పెట్టాడు.

ఒకరోజు జూజువాడి పెద్దాయన ఆటోలో వచ్చి, ఒక ఆసిలోస్కోపు నా గడప మీద దించారు. మా బామ్మర్ది దగ్గర కొన్నది. అది తప్పు చూపిస్తే దాన్ని నమ్మి బాగున్న బోర్డులను చెడగొట్టారట. ఫ్యాక్టరీవాళ్ళు ఇక రావద్దన్నారట.

"నీ చుక్కను నమ్మి చెడిపోయినానప్పా," అన్నారు.

"అది నాది కాదన్నా, వాడు వేరే అంగడి పెట్టినాడు," అన్నాను.

"రెండూ ఒగటేనని వాడే చెప్పినాడే! ఇంగ నా అంగడి కాడికి రావద్దు."

సందులో అందరూ చూస్తున్నారు. ఎదురంగడిలో బామ్మర్ది టీ తాగుతూ తల తిప్పుకున్నాడు. ఆ టీ గ్లాసు వాడి చేతిలోంచి జారేదాకా నిద్రపోనని ఆ క్షణమే అనుకున్నాను. నా భార్య "మా తమ్ముడే కదా, వదిలెయ్యి" అంది. నేనా పూట అన్నం ముట్టలేదు. చుక్క వేసేది కొలత సరిచూశాకేనన్న సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. పెట్టుకోనీ, ఇంకా పెట్టుకోనీ అని ఊరుకున్నాను.

పగ తీర్చుకునే అవకాశం కృష్ణగిరిలో దొరికింది. ఒక కాలేజీ ల్యాబుకు పాత ఆసిలోస్కోపులు కావాలని మా ఇద్దరినీ తలా ఒకటి తెచ్చి చూపమన్నారు. వాడు ముందే పోయి, "బొట్టు చూడండి సార్, అదే మా గ్యారంటీ," అంటున్నాడు. నేను ల్యాబులో పాఠం చెప్పే వాద్యారుకు తమిళంలో ఒకే మాట చెప్పాను: రెంటినీ పక్కపక్కన పెట్టి, పెట్టె ముందున్న, తెలిసిన కొలత కరెంటు ఇచ్చే పరీక్ష కొక్కేనికి వైరు తగిలించి చూడండి. నా తెర మీద గీత గళ్ళలో సరిగ్గా కూర్చుంది. వాడిది సగంలో ఆగింది.

"మర తిప్పి సరిచెయ్యండి," అన్నాడు వాద్యారు.

వాడు స్క్రూడ్రైవరు పట్టాడు. మర గాడి నిండా రంగే. గోటితో గీకాడు, బిగించి తిప్పాడు. మర తల విరిగి బల్ల మీద పడింది. చుట్టూ చేరిన కాలేజీ పిల్లలు నవ్వారు. రంగును కరిగించే మందు నా సంచిలోనే ఉంది, ఒక్క చుక్క చాలు. సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. వాడు నా వైపు చూసి, "బావా," అన్నాడు. నాకు వినబడింది. సంచి మూతి ఇంకాస్త బిగించి పట్టుకున్నాను. అంత హాయి నాకు పెళ్ళినాడు కూడా లేదు.

హోసూరులో దిగకుండా అదే బస్సులో నేరుగా జూజువాడికి పోయాను. జరిగిందంతా చెప్పి, ఆయన తల ఊపితే చూడాలని ఆశ. అంగడి మూసి ఉంది. పక్కింట్లో ఆయన కోడలు బయటికొచ్చింది.

"మామ పోయి నెలాయనప్పా. నువ్వు హోసూరోడివా? నిన్ను తలుచుకోని దినం లేదు."

"ఏమని తలుచుకున్నాడమ్మా?"

ఆమె తల దించుకుంది. నేను వెనక్కి తిరిగి హోసూరు బస్సెక్కాను.

కృష్ణగిరి మాట సందంతా పాకి బామ్మర్ది అంగడి మూతపడింది. తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. నా భార్య కుర్చీ వేసింది. నేను వాణ్ణి కూర్చోమనలేదు.

"తప్పయిపోయింది బావా. మన్నించు," అన్నాడు.

"నాకెందుకు చెప్తావు? జూజువాడికి పో. ఆ తప్పు నాది కాదని ఆయనకు చెప్పు."

"ఆయన యాడున్నాడు బావా? పోయినాడు కదా."

"తెలుసు," అన్నాను. "చెప్పినాక రా."